ఎం.బి.ఏ. చదువు: చేరే ముందు ఇంటిలో జరగవలసిన ఆలోచన

డిగ్రీ ఫలితాలు వెలువడిన నాటి నుండి కళాశాలలు తెరిచే వరకు మసీదు వరండాలోనూ, వలీమా విందులలోనూ తల్లిదండ్రులు మమ్మల్ని ఒకే మాట అడుగుతూ ఉంటారు: అబ్బాయిని ఎం.బి.ఏ.లో చేర్పించమంటారా, అమ్మాయి కూడా అదే చదువుతానంటోంది, ఏం చేయమంటారు అని. మదరసాలో పాఠాలు చెప్పేవారిని ఈ సంగతి అడగడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే అడిగేవారి మనసులో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఈ చదువు బిడ్డకు బ్రతుకుదెరువు చూపుతుందా అన్నది మొదటిది. ఈ చదువు బిడ్డను హరాం సంపాదన వైపు నడిపిస్తుందేమోనన్నది రెండవది. మొదటి ప్రశ్నకు కళాశాలలు తమ ప్రకటనలలో ధారాళంగా జవాబు చెబుతున్నాయి. రెండవ ప్రశ్న మా వద్దకు వస్తోంది. ఈ రెండింటినీ కలిపి ఆలోచిస్తే తప్ప సరైన జవాబు దొరకదని మేము భావిస్తున్నాము.

ఈ విషయంలో మన సమాజంలో రెండు అభిప్రాయాలు బలంగా ఉన్నాయి. ఎం.బి.ఏ. అంటే వడ్డీ లెక్కలు నేర్పే చదువు, ధర్మపరాయణులు దాని జోలికి పోరాదని కొందరంటారు. ఎం.బి.ఏ. పట్టా చేతికి వస్తే చాలు, కోటు వేసుకుని చల్లని గదిలో కూర్చునే ఉద్యోగం దానంతట అదే వస్తుందని మరికొందరు నమ్ముతారు. రెండూ అసంపూర్ణమైన అభిప్రాయాలే. ఈ చదువులోని మేలు కీళ్ళు చాలావరకు కళాశాల గుమ్మం తొక్కకముందే ఇంటిలో నిర్ణయమైపోతాయి. ఏ సంకల్పంతో చేరుతున్నాము, ఏ సీటులో చేరుతున్నాము, ఏ డబ్బుతో చేరుతున్నాము అన్న మూడు ప్రశ్నలకు తల్లిదండ్రులు, బిడ్డలు కలిసి కూర్చుని జవాబు వెతకాలి.

నిర్వహణ అన్నది అమానతు

ముందుగా సంకల్పం సంగతి. నిర్వహణ విద్య మన ధర్మానికి పరాయిది కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని యూసుఫ్ సూరాను మన పిల్లలు కథగా వింటారు, కానీ అందులో ఒక గొప్ప పాలనాపాఠం ఉంది. ఏడేళ్ళ పంటను ఎలా దాచాలో, ఎంత తినాలో, ధాన్యం పాడు కాకుండా వెన్నులలోనే ఎందుకు ఉంచాలో హజ్రత్ యూసుఫ్ (అ) వివరించారు. ఆ తరువాత వచ్చే ఏడేళ్ళ కరవును ఆ నిల్వతో దాటించారు. దేశపు ధనాగారాల బాధ్యతను తనకు అప్పగించమని ఆయన కోరినప్పుడు తనలోని రెండు అర్హతలను చెప్పుకున్నారు (12:55). తాను వాటిని కాపాడగలడు, తనకు ఆ పని తెలుసు. అంటే నమ్మకం ఒక్కటే చాలదు, తెలివి ఒక్కటే చాలదు. మద్‌యన్ వృద్ధుని కుమార్తె హజ్రత్ మూసా (అ)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చినప్పుడు కూడా సామర్థ్యాన్ని, నమ్మకాన్ని కలిపే ప్రస్తావించింది (28:26). ఉద్యోగికి ఉండవలసిన లక్షణాలను ఇంతకంటే క్లుప్తంగా ఏ పాఠ్యపుస్తకం చెప్పగలదు?

దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రవక్త పదవికి ముందు హజ్రత్ ఖదీజా (ర) సరుకును తీసుకుని సిరియాకు వ్యాపారయాత్ర చేశారు. పెట్టుబడి ఒకరిది, శ్రమ మరొకరిది, లాభం ఇద్దరిది. దీనినే ఫిఖ్‌హ్ గ్రంథాలు ముదారబా అని పిలుస్తాయి. మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టి, లోపలి తడిని పట్టుకుని, మోసానికి పాల్పడే వ్యాపారిని హెచ్చరించిన సంఘటన ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫా నగరంలో పట్టు వస్త్రాల వ్యాపారి. ఆయన భాగస్వామి ఒక లోపమున్న వస్త్రాన్ని, ఆ లోపం చెప్పడం మరచి, అమ్మివేశాడు. కొన్నవారెవరో తెలియకపోవడంతో ఆ సొమ్మునంతా ఇమామ్ గారు దానం చేశారు. అప్పు తీసుకుంటే పత్రం రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని ఆదేశించే ఆయత్ (2:282) దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పొడవైనది. నమాజును నేర్పిన ధర్మమే లెక్కపుస్తకాన్ని కూడా నేర్పింది.

కనుక పిల్లలు ఈ చదువును దీన్‌కు వెలుపలి వ్యవహారంగా తలచవద్దు. పదిమంది ధనాన్ని, పదిమంది శ్రమను తన చేతికి తీసుకుని నడిపించేవాడు ప్రళయదినాన ఆ పదిమందికీ జవాబుదారి. ఆ బరువును మోయడానికి శిక్షణ పొందుతున్నానన్న సంకల్పం ఉంటే ఈ రెండేళ్ళూ పుణ్యకార్యంలో గడిచినట్లే.

ఈ రెండేళ్ళలో ఏమి నేర్పుతారు?

మన ప్రాంతానికి ఈ చదువు కొత్తది కాదు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఏ.ను ప్రారంభించింది. దేశంలో దీనిని తొలిగా మొదలుపెట్టిన విశ్వవిద్యాలయాలలో అదీ ఒకటి. అహ్మదాబాదు, కలకత్తాలలోని ఐ.ఐ.ఎం.లు 1961లో వచ్చాయి. నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోను దాదాపు ప్రతి జిల్లాలో ఈ కోర్సు ఉన్న కళాశాలలు కనిపిస్తాయి.

మొదటి సంవత్సరంలో జమాఖర్చులు, ఆర్థికశాస్త్రం, గణాంకశాస్త్రం, మార్కెటింగ్, ఉద్యోగుల నిర్వహణ, వ్యాపార చట్టాలు అందరికీ ఉమ్మడిగా నేర్పుతారు. రెండవ సంవత్సరంలో విద్యార్థి తనకు నచ్చిన విభాగాన్ని ఎంచుకుంటాడు. ఫైనాన్స్, మార్కెటింగ్, మానవ వనరులు, సరుకుల రవాణా, డేటా విశ్లేషణ, ఆసుపత్రుల నిర్వహణ వంటివి ఉంటాయి. ఈ జాబితాను చూస్తేనే ఎం.బి.ఏ. అంటే బ్యాంకు ఉద్యోగమే అన్న అపోహ తొలగిపోతుంది. వడ్డీ లావాదేవీలను నేరుగా నడిపే, రాసే ఉద్యోగం ధర్మసమ్మతం కాదని ఉలమాలు ఎక్కువమంది చెబుతారు. వడ్డీ తినేవానితో పాటు ఇచ్చేవానిని, రాసేవానిని, సాక్షులను కూడా హదీసు శపించింది. అయితే ఆసుపత్రిని నడపడం, కర్మాగారానికి ముడిసరుకు సమయానికి చేర్చడం, ఉద్యోగులకు న్యాయంగా జీతాలు లెక్కకట్టడం హలాల్ పనులే. ఏ విభాగాన్ని ఎంచుకోవాలన్న ఆలోచన రెండవ ఏడాది వచ్చినప్పుడు కాక, చేరేనాడే మొదలు కావాలి.

ప్రవేశ ద్వారాలు

రెండవది సీటు సంగతి. మన రాష్ట్రాలలో అత్యధికులు ఐసెట్ పరీక్ష ద్వారా చేరుతారు. తెలంగాణ ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాల సమయం. విశ్లేషణకు 75, గణితానికి 75, భాషాసామర్థ్యానికి 50 ప్రశ్నలు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. అర్హతకు 25 శాతం, అంటే 50 మార్కులు కావాలి. మొదటి రెండు భాగాల ప్రశ్నలు ఇంగ్లీషుతో పాటు తెలుగులోను, ఉర్దూలోను లభిస్తాయి. ఉర్దూ మాధ్యమంలో చదివి, ఇంగ్లీషు ప్రశ్నపత్రమన్న భయంతో వెనుకంజ వేసే బిడ్డలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. గణితం పదవ తరగతి స్థాయిది. రోజుకు రెండు గంటలు, మూడు నెలలు శ్రద్ధగా సాధన చేస్తే బి.ఏ. చదివినవారు కూడా మంచి ర్యాంకు తెచ్చుకోగలరు.

అర్హత మార్కులు వేరు, మంచి కళాశాలను తెచ్చే ర్యాంకు వేరు. 50 మార్కులతో సీటు దొరుకుతుంది కదా అని సంతృప్తి పడితే ఏ కళాశాల మిగిలితే అందులో చేరవలసి వస్తుంది. ప్రైవేటు కళాశాలలలో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, 30 శాతం యాజమాన్య కోటాలో ఉంటాయి. యాజమాన్య కోటాలో చేరినవారికి, కౌన్సెలింగ్ ముగిశాక స్పాట్ అడ్మిషన్లలో చేరినవారికి ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. కొద్ది నెలల సాధన లేకపోవడం వల్ల ఇంటి మీద లక్షల బరువు పడేది ఇక్కడే. రీయింబర్స్‌మెంట్ నియమాలు రెండు రాష్ట్రాలలో ఒకలా లేవు, ప్రభుత్వాలతో పాటు మారుతూ ఉంటాయి కూడా. కాబట్టి నిరుటి విద్యార్థి మాట మీద ఆధారపడక ఆ ఏటి ఉత్తర్వును చదువుకోవాలి.

రిజర్వేషన్ల విషయంలోనూ మనవారిలో అయోమయం ఉంది. 2007 చట్టం ప్రకారం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ విభాగంలో 4 శాతం సీట్లు ఉన్నాయి. దూదేకుల సోదరులు బి.సి.-బి విభాగంలో ఉన్నారు. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి కొన్ని వర్గాలు బి.సి.-ఇ జాబితాలో లేవు. వారిలో కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలకు లోబడి, ఇతర షరతులు కూడా నెరవేరినవారు ఆర్థికంగా బలహీనమైన వర్గాలకు కేటాయించిన 10 శాతం కోటాలో దరఖాస్తు చేయవచ్చు. రాష్ట్ర జాబితా, కేంద్ర జాబితా ఒకటి కావు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు, ఐ.ఐ.ఎం.లకు దరఖాస్తు చేసేవారు కేంద్ర జాబితాను వేరుగా చూసుకోవాలి. ధ్రువపత్రాల కోసం మీ సేవ కేంద్రానికి కౌన్సెలింగ్ తేదీ వెలువడ్డాక పరుగెత్తేవారు చాలామంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు పరీక్ష రాసేనాటికే చేతిలో ఉండాలి. లేని వర్గాన్ని రాయించుకుని సీటు సంపాదించడం మరొక హక్కుదారుని హక్కును కాజేయడమేనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఐసెట్ ఒక్కటే ద్వారం కాదు. ఐ.ఐ.ఎం.లకు క్యాట్ పరీక్ష రాయాలి. ఏటా నవంబరు నెల చివర జరిగే ఈ పరీక్షలో మూడు భాగాలు, ఒక్కొక్కదానికి 40 నిమిషాలు ఉంటాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం కూడా ఎం.బి.ఏ. ప్రవేశానికి క్యాట్ మార్కులను చూస్తుంది. 2015లో విశాఖపట్నంలో ఐ.ఐ.ఎం. ఏర్పడడంతో తెలుగు బిడ్డలకు అది ఇంటి ముంగిట్లోకి వచ్చింది. మన పిల్లలు ఈ పరీక్షలో ఓడిపోతున్నారని బాధపడే ముందు, అసలు దరఖాస్తు చేస్తున్నవారెందరని ప్రతి మొహల్లాలోను లెక్కపెట్టుకోవాలి. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్న విద్యార్థి కూడా ఈ పరీక్ష రాయవచ్చునన్న సంగతే చాలా ఇళ్ళకు చేరలేదు.

మదరసా నుండి వచ్చేవారికి

ఆలిమ్, ఫాజిల్ పూర్తి చేసినవారికి ఈ దారి మూసి ఉందని మా విద్యార్థులే అనుకుంటూ ఉంటారు. మూసి లేదు, అయితే మధ్యలో ఒక మెట్టు ఉంది. ఎం.బి.ఏ.కు యు.జి.సి. గుర్తింపు పొందిన డిగ్రీ తప్పనిసరి. హైదరాబాదు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998లో స్థాపితమైన కేంద్రీయ విశ్వవిద్యాలయం. తాను గుర్తించిన మదరసాల సనదులను అది డిగ్రీ ప్రవేశాలకు అంగీకరిస్తుంది, మదరసా విద్యార్థుల కోసం బ్రిడ్జి కోర్సులను కూడా నడిపింది. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా కూడా కొన్ని మదరసాల సనదులను గుర్తిస్తాయి. తమ మదరసా పేరు ఆ జాబితాలో ఉన్నదో లేదో విద్యార్థి దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. అక్కడ డిగ్రీ పూర్తి చేస్తే ఎం.బి.ఏ.కు అర్హత వస్తుంది. ఉర్దూ విశ్వవిద్యాలయంలోనే ఎం.బి.ఏ. కూడా ఉంది.

ఇలా వచ్చేవారికి ఒక ప్రత్యేక అవకాశం ఎదురుచూస్తోంది. అలీగఢ్ విశ్వవిద్యాలయం ఇస్లామిక్ బ్యాంకింగ్, ఫైనాన్స్‌లో ఎం.బి.ఏ.ను నడుపుతోంది. దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు 1975లో మొదలైనది. ఇస్లామిక్ ఆర్థిక సంస్థలకు జమాఖర్చుల ప్రమాణాలను నిర్దేశించే అయోఫీ అనే సంస్థ బహ్రెయిన్‌లో ఉంది. అది షరీఅత్ సలహాదారులకు, ఆడిటర్లకు పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తుంది. మలేషియాలో ఆ దేశపు కేంద్ర బ్యాంకు 2005లో ఇన్సీఫ్ అనే విశ్వవిద్యాలయాన్ని ఇదే విద్య కోసం నెలకొల్పింది. ఈ రంగంలో అరబీ మూలగ్రంథాలను చదవగలిగి, బ్యాలెన్స్ షీటును కూడా చదవగలిగేవారు కావాలి. హిదాయాలో క్రయవిక్రయాల అధ్యాయాన్ని చదివిన విద్యార్థికి సగం దారి ముందే తెలిసి ఉంటుంది. మిగిలిన సగం గణితం, ఇంగ్లీషు. మన దేశంలో ఈ రంగం పరిమితమన్న వాస్తవాన్ని కూడా గ్రహించాలి. ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్ళబోమని రిజర్వు బ్యాంకు 2017లో తెలిపింది. కనుక ఈ విద్యను ఎంచుకునేవారు గల్ఫ్, మలేషియా వంటి చోట్ల పని చేయడానికి సిద్ధపడాలి.

ఏ డబ్బుతో?

మూడవది, అన్నిటికన్నా బరువైనది, డబ్బు సంగతి. బిడ్డ చదువు కోసం కదా అని వడ్డీ అప్పుకు సంతకం పెట్టే తండ్రులు పెరుగుతున్నారు. విద్యారుణం తీరు ఎలా ఉంటుందో చూద్దాం. సాధారణంగా చదివే కాలంలోను, ఆ తరువాత ఒక ఏడాది వరకు వాయిదాలు కట్టనవసరం లేదంటారు. కట్టనవసరం లేదన్నారే గాని వడ్డీ పెరగదనలేదు. ఉదాహరణకు 8 లక్షల రూపాయలు ఒకేసారి 10 శాతం సాధారణ వడ్డీకి తీసుకున్నారనుకుందాం. ఏడాదికి 80,000. రెండేళ్ళ చదువు, ఒక ఏడాది గడువు కలిపి మూడేళ్ళకు 2,40,000. బిడ్డ తొలి జీతం అందుకునే నాటికి అప్పు 10 లక్షల 40 వేలు. ఆ బరువు నెత్తిన ఉన్న యువకుడు హలాల్, హరాం ఎంచుకునే స్థితిలో ఉండడు. ఏ ఉద్యోగం ముందు దొరికితే దానికే తల వంచుతాడు. వడ్డీని ధర్మం ఎందుకు నిషేధించిందో ఆ ఇంటి పరిస్థితే చెబుతుంది. బలవంతపు పరిస్థితి అని తమకు తామే తీర్పు చెప్పుకోకుండా ముందు ఒక విశ్వసనీయ ముఫ్తీని సంప్రదించాలి. అంతకన్నా ముందు ఇతర మార్గాలను వెతకాలి.

మార్గాలు లేకపోలేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలలో రెగ్యులర్ సీట్ల ఫీజు పేరున్న ప్రైవేటు సంస్థల ఫీజులో చిన్న భాగం. మంచి ర్యాంకు తెచ్చుకోవడమే అన్నిటికన్నా హలాల్ అయిన ఉపకారవేతనం. విదేశాలలో చదవదలచినవారికి తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థుల కోసం 2015లో విదేశీ విద్యా పథకాన్ని ప్రారంభించింది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షల రూపాయలకు మించనివారికి 20 లక్షల వరకు సహాయం అందించేలా ఆ పథకం రూపొందింది. డిగ్రీలో 60 శాతం మార్కులు, భాషాపరీక్షలో అర్హత వంటి షరతులున్నాయి. దరఖాస్తు చేసే ఏటి ప్రకటనను చూసి మిగిలిన షరతులను తెలుసుకోవాలి.

ఉద్యోగం చేస్తూ చదవడం మరొక మార్గం. హైదరాబాదులో పుట్టి పెరిగి మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ళ ఎం.బి.ఏ. చదివినది అలాగే. ఉద్యోగం చేస్తూనే వారాంతాలలో విమానమెక్కి షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళి 1997లో పట్టా పొందారు. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్ కూడా బర్క్‌లీలో ఎం.బి.ఏ. పట్టా పొంది అడోబి సంస్థను నడిపిన వ్యక్తి. ఈ ఇద్దరూ ముందు ఒక పని నేర్చి, ఆ పైన నిర్వహణ నేర్చినవారే. మన పిల్లలు కూడా డిగ్రీ కాగానే రెండేళ్ళు పని చేసి, కొంత కూడబెట్టి, తరువాత చదివితే తప్పేమీ లేదు. అనుభవం ఉన్నవారికి తరగతిలో పాఠం త్వరగా పడుతుంది, కంపెనీలు కూడా వారిని ముందు పిలుస్తాయి.

ఇక సమాజం చేయవలసినది. నిసాబు లేని విద్యార్థికి జకాత్ సొమ్మును అతని స్వాధీనం చేయవచ్చు. నిసాబు ఉన్న ఇంటికి జకాత్ వర్తించదు కానీ ఖర్జ్-ఎ-హసనా ఇవ్వవచ్చు. జకాత్ ఎక్కువగా రమజానులో పంచబడుతుంది, కళాశాల ఫీజు మరొక నెలలో కట్టవలసి వస్తుంది. ఫీజు గడువు ముంచుకువచ్చిన రోజున విద్యార్థి వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కేది ఈ ఎడం వల్లనే. ప్రతి మసీదు కమిటీ పదిమంది విశ్వసనీయుల నుండి సేకరించిన చిన్న ఖర్జ్-ఎ-హసనా నిధిని ఉంచుకుని, పత్రం రాయించుకుని, సాక్షుల సమక్షంలో ఇచ్చి, ఉద్యోగం వచ్చాక వాయిదాలలో వసూలు చేసుకుంటే ఒకే సొమ్ము పదేళ్ళలో ఎంతోమంది పిల్లలను చదివిస్తుంది.

ప్రకటనలను చదవడం

కళాశాలను ఎంచుకునేటప్పుడు గోడల మీది పెద్ద అంకెలకు మోసపోరాదు. ఐదుగురు విద్యార్థులకు నెలకు 15, 16, 18, 20 వేలు, ఒక్కరికి లక్ష రూపాయల ఉద్యోగాలు వచ్చాయనుకుందాం. ప్రకటనలో లక్ష కనిపిస్తుంది. సగటు చెప్పినా 33,800 అవుతుంది. కానీ వరుసలో నడుమనున్న విద్యార్థి జీతం 18 వేలే. దీనినే మధ్యస్థం అంటారు. మీ బిడ్డకు రాబోయేదానికి దగ్గరగా ఉండేది ఈ అంకెయే. జాతీయ ర్యాంకింగుల కోసం కేంద్ర ప్రభుత్వానికి కళాశాలలు సమర్పించే వివరాలలో ఎందరు చేరారు, ఎందరికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అన్నవి ఉంటాయి. వాటిని కళాశాల వెబ్‌సైటులో చూడవచ్చు. ఆ వివరాలు లేని కళాశాలలో గత ఏడాది చదివిన నలుగురిని కలిసి మాట్లాడాలి. ఏ.ఐ.సి.టి.ఇ. అనుమతి, న్యాక్ గుర్తింపు ఉన్నాయో లేవో చూసుకోవాలి. పెళ్ళి సంబంధానికి ఎంత విచారణ చేస్తామో, రెండేళ్ళ చదువుకు కనీసం దానిలో సగమైనా చేయవద్దా?

చేరిన తరువాత

మంచి సీటు దొరికాక కూడా పట్టా దానంతట అది అన్నం పెట్టదు. మొదటి ఏడాది ముగిశాక సుమారు రెండు నెలలు ఏదైనా సంస్థలో ఇంటర్న్‌షిప్ చేయాలి. దీనిని చాలామంది కాగితం మీద పూర్తి చేసి ఊరికి పోతారు. నిజంగా పని చేసినవారికి అనేక సందర్భాలలో అక్కడే ఉద్యోగం దొరుకుతుంది. చివరి ఏడాది ప్రాజెక్టు నివేదిక మరొక పరీక్ష. తయారుచేసిన నివేదికలు డబ్బుకు దొరుకుతాయి, పేరు మార్చి సమర్పించేవారూ ఉన్నారు. తాను చేయని పనిని చేశానని సంతకం పెట్టడం తడి ధాన్యం మీద పొడి ధాన్యం పరచడమే. ఆ అబద్ధంతో మొదలైన ఉద్యోగంలో బరకత్‌ను ఆశించడం ఎలా?

కళాశాలలలో విద్యార్థులే నడిపే సంఘాలు, వ్యాపార సమస్యలకు పరిష్కారం చూపే పోటీలు ఉంటాయి. మన పిల్లలు భాషాభయం వల్ల వెనుక వరుసలో కూర్చుండిపోతారు. ఇంగ్లీషులో తడబడుతూనైనా వేదిక ఎక్కినవారు రెండేళ్ళలో స్పష్టంగా మాట్లాడగలుగుతారు. ఎక్సెల్, జి.ఎస్.టి. లెక్కలు, ట్యాలీ వంటివి పాఠ్యప్రణాళికలో ఉన్నా లేకపోయినా నేర్చుకోవాలి. సంగీతం, నృత్యాలు ఉన్న వేడుకలకు దూరంగా ఉండవచ్చు, అందుకని చర్చాపోటీకి కూడా దూరంగా ఉండనక్కరలేదు. నమాజు వేళ ఇంటర్వ్యూ సమయంతో తగిలితే ముందుగానే వినయంగా చెప్పి వేళ మార్చుకోమని అడగవచ్చు. అడిగినవారిని సాధారణంగా గౌరవంగానే చూస్తారు.

మన చేతివృత్తుల వైపు చూస్తే

ఎం.బి.ఏ. చదివిన ప్రతి ఒక్కరూ కంపెనీకే పోవాలన్న నియమమేదీ లేదు. హైదరాబాదు హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. లాడ్ బజారు లక్క గాజులకు 2024లో లభించింది. రెండూ మనవారి చేతిపనులు. గాజులు చేసే తల్లి రోజంతా నిప్పు ముందు కూర్చుంటుంది. జతకు ఎంత ఖర్చు అవుతుందో, దుకాణంలో ఎంతకు అమ్ముడవుతుందో, మధ్యలో ఎవరికి ఎంత మిగులుతుందో లెక్క కట్టేవారు ఆ ఇంటిలో ఉండరు. ఆ లెక్క కట్టగల ఒక్క బిడ్డ ఆ ఇంటి తలరాతను మార్చగలడు. బేకరీ, టైర్ల దుకాణం, ఫర్నిచర్ పని, మాంసం వ్యాపారం, అన్నిటికీ ఇదే వర్తిస్తుంది.

మరొక అవసరం కూడా ఉంది. హలాల్ లాభం అని పేరు పెట్టి, నెలనెలా ఆశ్చర్యకరమైన వాటా ఇస్తామని నమ్మబలికిన వ్యాపారాలలో మన సోదరీమణులు నగలు అమ్మి పెట్టుబడి పెట్టారు. హజ్ కోసం దాచుకున్న సొమ్ము కూడా అలా పోయింది. సరుకు లేకుండా, అమ్మకం లేకుండా లాభం ఎక్కడి నుండి వస్తున్నదని అడగగలవారు ఆ ఇళ్ళలో లేకపోయారు. గడ్డాన్ని, టోపీని చూసి నమ్మినవారికి ఆడిట్ నివేదికను చూపించమని అడగవచ్చునని తెలియదు. ప్రతి మొహల్లాలో లెక్కపుస్తకం చదవగలిగి, అల్లాహ్‌కు భయపడే ఒక్క యువకుడో యువతియో ఉంటే ఎన్ని ఇళ్ళు నిలిచేవి! మసీదుల లెక్కలకు, వక్ఫ్ ఆస్తుల అద్దెలకు, మదరసాల జమాఖర్చులకు కూడా అటువంటి బిడ్డల అవసరం ఉంది.

ఆడబిడ్డల విషయం

అమ్మాయిని ఎం.బి.ఏ. చదివించాలా అన్న ప్రశ్న వేరుగా వస్తుంది. హజ్రత్ ఖదీజా (ర) మక్కా వర్తకులలో పేరెన్నికగన్నవారు. విద్యావంతురాలైన సహాబియా హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (ర)కు హజ్రత్ ఉమర్ (ర) బజారు వ్యవహారాలలో కొంత బాధ్యత అప్పగించారని కొన్ని చరిత్ర గ్రంథాలు పేర్కొన్నాయి. పర్దాను, మర్యాదలను పాటించే వాతావరణం ఉన్న కళాశాలను, ఇంటి నుండి రాకపోకలకు అనువైన దూరాన్ని తల్లిదండ్రులు చూసుకోవాలి. అవి కుదిరినప్పుడు చదువును ఆపడానికి షరీఅత్‌ను సాకుగా చూపరాదు. ఉద్యోగం చేసినా చేయకపోయినా ఆ విద్య వృథా కాదు. తెలంగాణ ప్రభుత్వం 2018లో హైదరాబాదులో వీ హబ్ అనే సంస్థను ప్రత్యేకంగా మహిళా పారిశ్రామికుల కోసం స్థాపించింది. అటువంటి చోటికి ధైర్యంగా వెళ్ళి మాట్లాడగల విద్య మన కుమార్తెలకు ఉండాలి. మహర్ సొమ్ము, వారసత్వపు వాటా స్త్రీకి అల్లాహ్ ఇచ్చిన హక్కులు. తన ధనాన్ని తానే నిర్వహించుకోగల స్త్రీ చేతిలో అవి భద్రంగా ఉంటాయి.

కాబట్టి దరఖాస్తు నింపే ముందు ఒక సాయంత్రం మగ్రిబ్ తరువాత ఇంటిల్లిపాదీ కూర్చోండి. బిడ్డ ఏ పని చేయగోరుతున్నాడో అతని నోటనే చెప్పించండి. పరీక్షకు ఎన్ని నెలల గడువు ఉందో లెక్కపెట్టండి. ధ్రువపత్రాలు ఉన్నాయో లేవో చూడండి. ఫీజు ఎక్కడి నుండి వస్తుందో కాగితం మీద రాయండి. వడ్డీ తప్ప దారి కనిపించకపోతే ఆ ఏడాది ఆగి, పని చేసి, మరుసటి ఏడాది మంచి ర్యాంకుతో చేరడం అవమానమేమీ కాదు. ఆ తరువాత ఇస్తిఖారా నమాజు చేసి నిర్ణయం తీసుకోండి.

అల్లాహ్ మన బిడ్డలకు లాభదాయకమైన జ్ఞానాన్ని, పవిత్రమైన ఉపాధిని, అప్పగించిన అమానతును నెరవేర్చే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.